ఏడు గుమ్మాల అర్హత

పిల్లకు బడి వెతకడం అనేది ఈ ద్వీపంలో అంతరించిపోయిన ఆచారం. నాగరికత పెరిగింది. ఇప్పుడు బళ్ళే తమకు తగిన తల్లిదండ్రులను వెతుక్కుంటున్నాయి. తల్లిదండ్రులు ఖరారయ్యాక, తీరిక దొరికితే, పిల్ల సంగతి ఆలోచిస్తారు.

ఈ సత్యం తెలియనివాళ్ళు సుయాక్ రేవు వైపు ఇంకా కొందరున్నారని వినికిడి. పిల్లకు ఈడొచ్చింది, పలక కొన్నాం, ఇక బడికి పంపుదాం అని వాళ్ళు పాపం అనుకుంటూ ఉంటారు. రోజ్ హిల్‌లో అలాంటివాళ్ళు లేరు. ఇక్కడ రైలు దిగి ఏ వీధిలో నడిచినా రెండు మూడు వరండాలకు ఒక విద్యాలయం తగులుతుంది. ఒక వరండా, పారిస్ చూసిన ఒక మేనత్త ఉంటే ఎవరైనా బడి పెట్టవచ్చు. (మేనత్త బతికి ఉండనక్కర్లేదు. ఫొటో చాలు.)

సర్కారు బడి కూడా ఒకటి ఉంది. అందులో చదువు బాగుంటుందనీ, పంతుళ్ళు వేళకు వస్తారనీ, వాన పడితే కిటికీలు మూసుకుంటాయనీ అందరూ ఒప్పుకుంటారు. కాకపోతే అందులో ఎవరినైనా చేర్చుకుంటారు. పెద్దమనుషులు దాన్ని వదిలేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ప్రైవేటు బళ్ళన్నిటిలోకీ ఉత్తమమైనది మామ్‌జెల్ (అంటే పెళ్ళికాని దొరసాని) ఒర్తాన్స్ గారి బాలికల సంస్కార విద్యాలయం. అందులో ఏం నేర్పుతారో బయటివాళ్ళకు తెలియదు. లోపలివాళ్ళు చెప్పరు. చెప్పకపోవడమే అక్కడి మొదటి పాఠమని కొందరి ఊహ. మరి అది ఉత్తమమైనదని ఎలా తెలిసిందంటే, అందులో సీటు దొరకదు.

ఆ సీటు కోసం బయలుదేరినవాడు సన్యాసి. రైలు స్టేషనులో సరుకుల గుమాస్తా. అతని తండ్రి సుయాక్ రేవులో చక్కెర బస్తాలు వీపు మీద మోశాడు. కొడుకు అవే బస్తాలను కాగితం మీద మోస్తున్నాడు. భార్య ముత్యాలమ్మకు సంతకం రాదు. కూతురు కన్నమ్మకు మాత్రం, ఎవరూ నేర్పకుండానే, చదవడం అంటుకుంది. మధ్యాహ్నం తండ్రికి అన్నం క్యారేజీ తీసుకెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల గూడ్సు పెట్టెల మీద సుద్దతో రాసిన అక్షరాలను వేలితో దిద్దేది. దిద్ది దిద్ది, ఒకరోజు ఆ పెట్టె ఎక్కడికి పోతుందో తనే చెప్పేసింది. స్టేషను మాస్టరు ఆశ్చర్యపోయి ఆ పిల్లకు ఒక బిస్కత్తు ఇచ్చాడు. పెట్టె తప్పు పట్టాల మీద ఉందని కూడా పిల్లే చెప్పింది గానీ, దానికి బిస్కత్తు ఇవ్వలేదు.

ఇంట్లో పెద్ద దిక్కు సన్యాసి తల్లి ఈశ్వరమ్మ. ఆవిడకు చదువంటే విరోధం లేదు. ఒకటే షరతు.

"మగ పంతులు కాడికి ఆడగుంటని అంపేది లేదు. ఆడమనిసి సెప్తే సెప్పమను. నేదా, లాల్మతీ అంపీసీ."

లాల్మతీలో ఉన్నది సన్యాసి అక్క నాగమ్మ. ఆవిడకు కవల పిల్లలు. ఎత్తుకోవడానికి మనిషి లేక, కన్నమ్మను పంపండి, తిండీ బట్టా నేను చూసుకుంటాను అని వారం వారం కబురు పెడుతోంది. ఈశ్వరమ్మకు ఆ కబురు సబబుగానే వినిపించేది. సర్కారు బడిలో అందరూ మగ పంతుళ్ళే. ఆడవాళ్ళు నడిపే వరండాల్లో చాలావరకు బాప్తిస్మం కాగితం అడిగారు. మామ్‌జెల్ ఒర్తాన్స్ మాత్రం ఎవరి ఆత్మల జోలికీ పోదు. ఆవిడ శ్రద్ధ అంతా కుర్చీల మీద. కనుక కన్నమ్మ ముందు మిగిలినవి రెండే: ఆ వరండా, లేదా నాగమ్మ కవలలు.

విద్యాలయానికి గేటు ఉంది. గేటుకు మార్సెల్ ఉన్నాడు. అతనే గుమాస్తా, తోటమాలి, గంట కొట్టేవాడు, నిబంధనల శాఖకు అధిపతి. ద్వీపవాసుల వాడుక భాష క్రియోల్‌లో 'పా కపావ్' అంటే కుదరదు అని అర్థం. ఆ మాట ద్వీపమంతా వాడుకలో ఉన్నా, దాన్ని ఒక వృత్తిగా అభివృద్ధి చేసినవాడు మార్సెల్.

"బోంజూర్ మార్సెల్. మా పాపని..."

"పా కపావ్."

"ఇంకా అడగందే!"

"అడిగాక చెప్తే మీకు బాధ, మెస్యే. ముందే చెప్తే ఇద్దరికీ హాయి." మార్సెల్ సన్యాసి తల వైపు చూశాడు. "టోపీ ఏదీ?"

"నాకు టోపీ అలవాటు లేదయ్యా."

"టోపీ తీసి లోపలికి వెళ్ళాలి. లేని టోపీ ఎలా తీస్తారు?"

ఇలాంటి తండ్రుల కోసం విద్యాలయం దయతో ఒక టోపీ ఉంచింది. దాన్ని గేటు బయట పెట్టుకుని, గేటు దాటగానే తీసి, మార్సెల్‌కు తిరిగి ఇవ్వాలి. పిల్లల బూట్ల విషయంలోనూ ఇదే ముందుచూపు. ప్రతి విద్యార్థినికీ బూట్లు తప్పనిసరి. నేలకు మైనం పూస్తారు కనుక వాటిని గుమ్మం బయటే విప్పాలి. బూట్లు లేని పిల్ల వట్టి కాళ్ళతో లోపలికి రావడం అనాగరికం. బూట్లు విప్పిన పిల్ల వట్టి కాళ్ళతో రావడం సంస్కారం. ఈ తేడా చూడగానే తెలియదు. అందుకే అది సంస్కారం.

లోపల ఎంపిక సంఘం కొలువుతీరి ఉంది. సభ్యులు ముగ్గురు: మామ్‌జెల్ ఒర్తాన్స్, ఆవిడ చెల్లెలు మామ్‌జెల్ క్లారిస్, గోడ మీద కాలధర్మం చెందిన నాన్నగారి పటం. పటానికి ఓటు ఉంది. అది ఇంతవరకు పెద్దకూతురి మాట కాదనలేదు.

"ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు?" అని మామ్‌జెల్ ఒర్తాన్స్ అడిగింది.

ఇది గడ్డు ప్రశ్న. ఫ్రెంచ్ అంటే అబద్ధం, క్రియోల్ అంటే ప్రమాదం, తెలుగు అంటే దూరం. సన్యాసి వారం రోజులుగా తయారై వచ్చాడు.

"ఎక్కువ మాట్లాడుకోమండీ, మామ్‌జెల్."

సంఘం తలలు ఆడించింది. (పటం ఆడించలేదు గానీ, మొహం కొంచెం ప్రసన్నంగా కనిపించిందని ముత్యాలమ్మ తర్వాత చెప్పింది.)

"మీ అమ్మాయి ఇక్కడ చేరి ఏమవ్వాలని కోరిక?" ఈసారి ప్రశ్న ముత్యాలమ్మకు.

"చదువుకోవాలండీ."

"అది అందరూ చెప్పేదే," అని మామ్‌జెల్ క్లారిస్ నిట్టూర్చి ఏదో కొట్టేసింది.

కన్నమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పిల్ల ఊరుకోలేక గోడ మీద రాజుగారి బొమ్మ కింద ఉన్న అక్షరాలను పైకి చదవసాగింది. మామ్‌జెల్ క్లారిస్ వేలు పెదవి మీద పెట్టి "ష్ష్" అంది. "మీ పాపకు వాగే అలవాటు ఉన్నట్టుంది. అది మాన్పించవచ్చు."

ఆ 'మాన్పించవచ్చు' అన్న మాటలో ఆశ ఉందని సన్యాసి దంపతులు దారి పొడుగునా చర్చించుకుని తేల్చారు. నిజమే. సీటు తాత్కాలికంగా ఆమోదించారు. ఇల్లు తనిఖీ చేశాక ఖాయం చేస్తారు. తనిఖీ ఏ రోజున అన్నది రహస్యం. (బుధవారం. మార్సెల్ ఆ రహస్యాన్ని అందరికీ సమానంగా చెబుతాడు.)

మంగళవారం సాయంత్రానికి ఇంట్లోకి దర్జీ సూరయ్యవి నాలుగు పేము కుర్చీలు, ఎవరిదో ఒక గోడ గడియారం వచ్చాయి. ఈశ్వరమ్మ తోటకూర కోసుకుని పెరట్లోంచి లోపలికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదెవులిల్లురా? నాను తప్పిపోయి ఒచ్చీసినానేటి?"

"మనిల్లే అమ్మా. కూర్చో."

"ఏటి మీద కూకోమంటావ్? నా పీట ఏదీ?"

పీట మంచం కిందికి పోయింది. మరునాడు మామ్‌జెల్ క్లారిస్ వచ్చి, కుర్చీలను వేలితో తట్టి, గడియారం పైభాగాన్ని చేతిగుడ్డతో తుడిచి చూసింది. దుమ్ము లేదు. దుమ్ము లేకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: రోజూ తుడవడం, లేదా నిన్ననే తగిలించడం. ఆవిడ మొదటిదే రాసుకుంది.

"పియానో కనిపించడం లేదే?"

సన్యాసి ముత్యాలమ్మ వైపు చూశాడు. ముత్యాలమ్మ నేల వైపు చూసింది.

"బాగు చేయించడానికి... కూరిపిప్ పట్నానికి పంపామండీ."

"తేమకు పాడవుతాయి," అని ఆవిడ సానుభూతితో రాసుకుంది. "మీరు మంచి పని చేశారు."

వచ్చే సోమవారం సంఘం సంతకాలు పెడుతుందని మార్సెల్ చెప్పి వెళ్ళాడు. ఆ కబురు విని ముత్యాలమ్మ కళ్ళు తుడుచుకుంది. కన్నమ్మ బూట్లు తొడుక్కుని, ఎలా విప్పాలో అభ్యాసం చేసింది. ఈశ్వరమ్మ పెట్టె అడుగు నుంచి పసుపు గుడ్డ తీసి దులిపింది.

"ఆదివారం బిచ్చానికి ఎల్దాం."

"ఏ బిచ్చం అమ్మా?"

"అమ్మోరికి మొక్కీసినాను. గుంటకి సీటొస్తే ఏడు గుమ్మాల కాడ బియ్యం అడుక్కొచ్చి పరమాన్నం ఎడతానని."

ఇక్కడ ఒక వివరణ అవసరం. సుయాక్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో ఈ మొక్కు బిచ్చం గౌరవమైన పని. బిచ్చం ఎత్తేవాడికి ఇల్లుండాలి, పొయ్యి ఉండాలి, తెచ్చిన బియ్యం వండి పదిమందికి పెట్టే శక్తి ఉండాలి. ఫలానావాళ్ళు మొక్కు బిచ్చానికి వస్తున్నారంటే ఇరుగుపొరుగు చాటలో బియ్యం పోసుకుని ఎదురు చూస్తారు. తమ గుమ్మం దాటిపోతే అలుగుతారు. రోజ్ హిల్‌లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇక్కడ బిచ్చం అంటే బిచ్చమే.

"సుయాక్ వెళ్ళి చేద్దామమ్మా," అన్నాడు సన్యాసి. "అక్కడైతే మనవాళ్ళందరూ ఉంటారు."

"సీటు సుయాక్‌లో ఒచ్చిందేటి?"

"కాదు గానీ..."

"అమ్మోరు రోజ్ హిల్లో పన్జేసి ఎడితే, కూలి సుయాక్ ఎల్లి ఇస్తావా? నువ్వు టేసన్లో అలగే జేస్తన్నావా?"

"సీటు ఇంకా పూర్తిగా రాలేదమ్మా. సంతకం పడాలి."

"అమ్మోరికి సంతకాలు తెల్దు. ఆలీసెం అయితే కోపం తెలుసు."

ముత్యాలమ్మ నెమ్మదిగా ఒక దారి వెతికింది. "అత్తా, పోనీ వెనక వీధిలో ఎత్తుదాం. అక్కడ గొడవ ఉండదు."

"మనింటి గుమ్మం దిగి కుడిసెయ్యి ఏపు తిరగాల. వరసని ఏడు. మజ్జిలో ఒక్కటి దాటీసినా మొక్కు సెల్లదు. ఆ దొరసాని బడికేనా నేమాలు? అమ్మోరికి నేవా?"

సన్యాసి వరండాలోకి వెళ్ళి కుడివైపు చూశాడు. విద్యాలయానికి దగ్గరగా ఉండాలని అతను ఏరికోరి ఆ వీధిలోనే ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఏడో గుమ్మం మామ్‌జెల్ ఒర్తాన్స్ గారిది.

ఆదివారం ఉదయం ఊరేగింపు బయలుదేరింది. ముందు కన్నమ్మ, పసుపు గుడ్డలో, నుదుట బొట్టుతో. వెనక సన్యాసి, పంచెకట్టు, వట్టి కాళ్ళు, భుజాన జోలె. అతని పక్కన ముత్యాలమ్మ, చేతిలో వేపమండ, కళ్ళు నేల మీద. అందరికీ వెనక పర్యవేక్షణాధికారి ఈశ్వరమ్మ. మొదటి ఇంటి క్రియోల్ ముసలావిడ ఏమీ అడగకుండా దోసెడు బియ్యం పోసి, పాప బుగ్గ గిల్లింది. చీనా దుకాణదారు మంచి బియ్యమా, మామూలు బియ్యమా అని అడిగి, మామూలువే పోశాడు. ఆరు గుమ్మాలూ సాఫీగా గడిచాయి. ఏడో గుమ్మంలో గేటు ఉంది.

"పా కపావ్," అన్నాడు మార్సెల్ అలవాటుగా. తర్వాత మనిషిని గుర్తుపట్టాడు. "బోంద్యే! మెస్యే సన్యాసీ! టోపీ?"

"ఇవాళ లేదు మార్సెల్. వట్టి తలతోనే రావాలి."

చప్పుడు విని మామ్‌జెల్ ఒర్తాన్స్ వరండాలోకి వచ్చింది. పసుపు గుడ్డను చూసింది, జోలెను చూసింది, జోలె మోస్తున్న భుజాన్ని చూసింది. కూరిపిప్‌లో పియానో ఉన్న మనిషిని ఆ స్థితిలో చూసి ఆవిడ చలించలేదని ఎవరూ అనలేరు. లోపలికి వెళ్ళి, ఒక నాణెం, సగం రొట్టె తెచ్చి చాపింది.

ఈశ్వరమ్మ ముందుకొచ్చింది. ఆవిడ క్రియోల్ రేవులో నేర్చినది. గట్టిగా ఉంటుంది.

"డబ్బులొద్దు. రొట్టె వద్దు. బియ్యం."

"ఆకలితో ఉన్నవాళ్ళు ఏది ఇస్తే అది తీసుకోవాలమ్మా," అంది మామ్‌జెల్ మెత్తగా.

"ఆకలెవరికి? పొద్దున్నే తినే వచ్చాం."

మామ్‌జెల్ జీవితంలో ఇలాంటి జవాబు వినలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళింది. వంటమనిషి ఆదివారం ప్రార్థనకు వెళ్ళింది. తన ఇంట్లో బియ్యం ఎక్కడ ఉంటాయో ఆవిడకు తెలియదు. (తెలియనక్కర్లేని ఇంట్లో పుట్టడం కూడా సంస్కారంలో భాగమే.) చాలా మూతలు తీసిన చప్పుడు అయ్యాక, పళ్ళెంలో రాత్రి మిగిలిన అన్నం తెచ్చింది.

"వండింది చెల్లదు."

మళ్ళీ మూతలు. ఈసారి బియ్యమే.

ఈశ్వరమ్మ వంగి చూసింది. "ఇవి నూకలు. కోళ్ళకు పోసేవి. అమ్మోరికి గింజ విరగకూడదు."

నాలుగోసారి మామ్‌జెల్ మంచి బియ్యం తెచ్చింది. కొప్పు కొంచెం వదులైంది. ఆయాసపడుతూ గిన్నె చాపింది.

"ఎడమ చెయ్యి," అంది ఈశ్వరమ్మ.

మామ్‌జెల్ చెయ్యి మార్చుకుంది. బియ్యం జోలెలో పడ్డాయి. ఆవిడ నిలబడి ఉంది. ఏదో ఒక మాట కోసం ఎదురుచూస్తోందని ముత్యాలమ్మకు అర్థమై, చేతులు జోడించబోయింది.

"దండం ఎట్టీకు!" అని ఈశ్వరమ్మ కోడలి చెయ్యి దించేసింది. "మొక్కు బియ్యానికి దండం ఎడితే పున్నెం ఆళ్ళకే పోద్ది. ఎల్దాం పదండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. మామ్‌జెల్ ఒర్తాన్స్ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆవిడ గేటు దగ్గరికి వచ్చినవాళ్ళను వడపోస్తూ వచ్చింది. తను ఇచ్చినదాన్ని మూడుసార్లు వడపోసి, నాలుగోసారికి పాస్ చేసినవాళ్ళు ఆవిడకు ఎదురుపడటం ఇదే మొదలు. మార్సెల్ మంచినీళ్ళు తెచ్చాడు. ఏ చేత్తో తాగాలా అని ఆవిడ కాసేపు చూసుకుంది.

సోమవారం సంఘం కూర్చుంది. సమస్య సున్నితమైనది. ఫీజు కట్టే తరగతిలో బిచ్చగాళ్ళ పిల్లను చేర్చుకుంటే మిగతా తల్లులు ఏమంటారు? కనుక అది కుదరదు. విద్యాలయంలో నిరుపేదల కోసం ధర్మ సీటు ఒకటి ఖాళీగా ఉంది. (అది స్థాపించిన నాటి నుంచీ ఖాళీగానే ఉంది. తగినంత మర్యాదగల పేదలు దొరకడం లేదు.) కానీ దానికి పేదరికం రుజువు కావాలి. చూడబోతే మామ్‌జెల్ క్లారిస్ తనిఖీలో నాలుగు పేము కుర్చీలు, గోడ గడియారం నమోదై ఉన్నాయి.

"పియానో కూడా ఉంది," అని మార్సెల్ గేటు దగ్గర సన్యాసికి విడమరిచి చెప్పాడు. "పియానో ఉన్నవాళ్ళను పేదలు అనడానికి నిబంధన ఒప్పుకోదు, మెస్యే."

"పియానో లేదయ్యా! కుర్చీలు సూరయ్యవి. ఆ గడియారం ఎవరిదో నాకే తెలీదు."

"అంటే తనిఖీకి అబద్ధం చెప్పారా?"

సన్యాసి టోపీ తీసి మార్సెల్ చేతికిచ్చాడు.

"నేను వినలేదు," అన్నాడు మార్సెల్ దయతో. "పియానో ఉందనే ఉంచండి. అదే మర్యాద. అయితే మీరు ఉన్నవాళ్ళుగా బిచ్చగాళ్ళు, బిచ్చగాళ్ళుగా ఉన్నవాళ్ళు. ఈ తరగతికి మా దగ్గర సీటు లేదు."

సన్యాసి గుడి పూజారి జగన్నాథం గారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన సంగతి విని, మొక్కు బిచ్చం ఉన్నవాళ్ళు ఎత్తేదనీ, లేనివాళ్ళు ఎత్తితే అది మొక్కు కింద కాక వృత్తి కింద వస్తుందనీ, తెలుగులో, గట్టి సిరాతో రాసిచ్చాడు. విద్యాలయంలో తెలుగు చదవగలిగినవారు లేరు. సంఘం దాన్ని నాన్నగారి పటం ముందు ఉంచి, ఆయన అభిప్రాయం కోసం వాయిదా వేసింది. బడి తెరిచారు. గంట మోగింది. కన్నమ్మ వరండాలో కూర్చుని ఆ గంటను రోజూ వింది.

"ఇంకా ఎన్నాళ్ళమ్మా?" అని అడిగేది.

"పటం చెప్పాలి," అనేది ముత్యాలమ్మ.

ఈలోగా పరమాన్నం వండారు. మొక్కు ప్రకారం బియ్యం ఇచ్చిన ఏడిళ్ళకూ గిన్నెలు వెళ్ళాయి. మామ్‌జెల్ ఇంటి నుంచి గిన్నె తిరిగి వచ్చింది, తళతళా తోమి, ఒక మెతుకు లేకుండా. దీన్ని శుభసూచకంగా భావించి సన్యాసి ఆ ఏడంతా ఎదురుచూశాడు. కబురు పెట్టిన ప్రతిసారీ నాగమ్మకు "వచ్చే నెల చూద్దాం" అని చెప్పించాడు.

మామ్‌జెల్ ఒర్తాన్స్ ఆలోచిస్తోందన్నది నిజమే. కొన్నాళ్ళుగా ఆవిడను ఒక దిగులు పట్టుకుంది. తనిఖీకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ కుర్చీలున్నాయి, ప్రతి గడియారం మీదా దుమ్ము లేదు. అన్ని గడియారాలూ ఒకేలా పదకొండు నిమిషాలు వెనక ఉన్నాయని మామ్‌జెల్ క్లారిస్ గమనించింది. పియానోలన్నీ కూరిపిప్‌లోనే ఉన్నాయి. ఇలాగైతే తల్లిదండ్రుల్లో ఎవరు ఎక్కువో తేల్చేదెలా? అప్పుడు ఆవిడకు ఆదివారం ఉదయం గుర్తొచ్చింది.

కొత్త సంవత్సరం ప్రకటన గేటుకు అంటించారు. టోపీ, బూట్లు, తనిఖీ యథాతథం. వాటికి తోడు వినయ పరీక్ష. తల్లిదండ్రులు వట్టి కాళ్ళతో, భుజాన జోలెతో, విద్యాలయం ఉన్న వీధిలో వరసగా ఏడు గుమ్మాల దగ్గర పచ్చి బియ్యం అడగాలి. నాణెం, రొట్టె, వండిన అన్నం, నూకలు పుచ్చుకోరాదు. ఎడమ చేత్తో ఇచ్చినది చెల్లదు.

రోజ్ హిల్ పెద్దమనుషులు దీన్ని గంభీరంగా తీసుకున్నారు. ఒక నోటరీ గారు పట్టు జోలె కుట్టించుకున్నారు. (సూరయ్య కుట్టాడు. అతనికి ఆ నెల కుర్చీలు అద్దెకిచ్చే తీరిక లేకపోయింది.) మరొకాయన వట్టి కాళ్ళు అన్న నియమాన్ని గౌరవిస్తూ మేజోళ్ళతో నడిచారు. ఇంకొకాయన గుమ్మానికీ గుమ్మానికీ మధ్య గుర్రబ్బండి ఎక్కారు. తాకిడి తట్టుకోలేక ఆ ఏడిళ్ళవాళ్ళూ తమ తమ నిబంధనలు పెట్టుకున్నారు. ఒక ఇంట్లో బియ్యం అడగడానికి ముందురోజే పేరు చెప్పుకోవాలి. ఇంకో ఇంట్లో సిఫారసు ఉంటే తప్ప బిచ్చం వేయడం లేదు. చీనా దుకాణదారు విరగని గింజల బియ్యానికి 'బడి బియ్యం' అని పేరు పెట్టాడు.

ఈశ్వరమ్మ తన వరండాలో పీట మీద కూర్చుని ఇదంతా చూసేది. ఊరుకోలేకపోయేది.

"జోలి కుడిబుజాన ఎయ్యి బాబూ! ఆ నవ్వేటి? బిచ్చానికి ఒచ్చినోడు నవ్వకూడదు."

సన్యాసి సంబరానికి హద్దు లేదు. టోపీ పెట్టుకుని, తీసి, ఛాతీ విరుచుకుని మార్సెల్ ముందు నిలబడ్డాడు.

"మేం నిరుడే ఎత్తేశాం మార్సెల్. మీ మామ్‌జెల్ గారే స్వయంగా బియ్యం పోశారు. మా తర్వాతే కదా వీళ్ళంతా!"

"పా కపావ్."

"ఏం?"

"నియమం రాకముందు ఎత్తింది అలవాటు, మెస్యే. నియమం వచ్చాక ఎత్తితే అర్హత."

మళ్ళీ ఎత్తక తప్పదని ఇంటికొచ్చి చెబితే, ఈసారి ఎదురు తిరిగింది ఈశ్వరమ్మ.

"మొక్కు తీరిపోనాది. మల్లీ ఎత్తితే ఎవుల పేర ఎత్తుతావ్? బడి పేరా? ఆ పటం పేరా? పాపం సుట్టుకుంటాది. ఆ గుంట రాతలో లాల్మతీ ఉంటే లాల్మతీయే."

ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారికి ఎదురు చెప్పని ముత్యాలమ్మ, లోపలికి వెళ్ళి పసుపు గుడ్డ, జోలె తెచ్చింది.

"నేనెత్తుతాను అత్తా. కన్నమ్మ పేరున. పాపం ఉంటే నాకే చుట్టుకోనీ. సంతకం రాని చేతులే కదా, బియ్యం పట్టడానికి సరిపోతాయి."

ఈశ్వరమ్మ లేచి, కోడలి భుజాన జోలె సరిగ్గా వేసి, ముడి బిగించింది.

సన్యాసి జోలెతో వెనకే నడిచాడు. ఈసారి ముత్యాలమ్మ కళ్ళు దించుకోలేదు. పేరు ముందే చెప్పుకోమన్న ఇంటి దగ్గర నిలబడి పేరు చెప్పింది. సిఫారసు అడిగిన ఇంటి ముందు ఎండలో నిలబడింది, వాళ్ళకే విసుగొచ్చి పోసేదాకా. ఏడో గుమ్మం దగ్గర మామ్‌జెల్ ఒర్తాన్స్ కుడిచేత్తో, విరగని గింజలు, మొదటిసారికే పోసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ దండం పెట్టలేదు.

ఫలితాలు వెలువడిన రోజు గేటు దగ్గర నోటరీ గారు, మేజోళ్ళ ఆయన, మరెందరో నిలబడ్డారు. మార్సెల్ గొంతు సవరించుకున్నాడు.

"మెస్యే సన్యాసి, ఉత్తీర్ణులు. మదామ్ సన్యాసి, ఉత్తీర్ణురాలు. ఈ ఏడు వినయంలో మొదటి స్థానం. సంఘం ఏకగ్రీవంగా అభినందిస్తోంది. పటం కూడా."

కన్నమ్మ తల్లి చెయ్యి విడిపించుకుని, బూట్లు విప్పడానికి గుమ్మం దగ్గరికి పరుగెత్తింది.

"ఆగు పాపా," అన్నాడు మార్సెల్. "నీకెన్నేళ్ళు?"

"ఏడు."

"చేరడానికి ఆరు దాటకూడదు. అదుగో, ప్రకటన చివర ఉంది." కన్నమ్మ తిరిగి చూసి, ఆ వాక్యాన్ని తప్పు లేకుండా పైకి చదివింది.

"నిరుడు ఆరే కదయ్యా!" అన్నాడు సన్యాసి.

"నిరుడు మీకు అర్హత లేదు కదా, మెస్యే." మార్సెల్ జాలిపడ్డాడు. అతను చెడ్డవాడు కాడు. "దిగులు పడకండి. ఇంకో పిల్ల పుడితే తీసుకురండి."

కన్నమ్మ ఇప్పుడు లాల్మతీలో నాగమ్మ కవలలను ఎత్తుకుంటోంది. ఆమె తల్లిదండ్రుల అర్హత మాత్రం నేటికీ చెల్లుబాటులో ఉంది.